తలుపు దగ్గర తల్లి

కంప్యూటర్ గదిలో ఇరవై మంది ఒకే తలుపు తడుతున్నారు. సోషల్ వర్క్ చదివే పిల్లలు వాళ్ళు. నిజం ఇళ్ళకు వెళ్ళేలోపు చేయాల్సిన తప్పులన్నీ తెర మీదే చేసేయాలని ఈ ఏర్పాటు.

తెర మీద తలుపు ఓరగా తెరుచుకుంటుంది. "పాప పడుకుందండీ. మాకేం ఇబ్బంది లేదు," అంటుంది ఒక తల్లి. పిల్లలు మైకులో ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పిస్తారు. పాప బడికి వెళ్తోందా? ఆయన ఏం చేస్తారు? ఆమె అన్నిటికీ పొడిపొడిగా జవాబిస్తుంది, వీళ్ళకు మార్కులు పడతాయి.

ఆ తల్లి పాత్రను రాసింది వాళ్ళకు పాఠం చెప్పే మేడమే. కాసేపు కూర్చుంటానని అడిగితేనే ఆ తల్లి మనసు విప్పుతుంది. మూడేళ్ళలో ఒక్కరూ అడగలేదు. దానికి మార్కులు లేవు మరి! మార్కులు లేని మాట ఎవరికి కావాలి?

పిల్లల్ని అని ఏం లాభం? పాతికేళ్ళ క్రితం నిజం తలుపు ముందు మేడం కూడా అడగలేదు. ఆ రోజు ఇంకా నాలుగిళ్ళు చూడాలి. పాప పడుకుందన్న మాట విని, గడప దాటకుండానే ఫైల్లో 'ఇబ్బంది లేదు' అని రాసేసింది. పట్టపగలు పదకొండింటికి అయిదేళ్ళ పిల్ల ఎందుకు పడుకుందో ఆలోచించలేదు. మరుసటి వారం వెళ్తే ఇల్లు ఖాళీ. తల్లీబిడ్డలు ఏమయ్యారో ఇరుగుపొరుగుకు తెలీదు, పోలీసులకూ తెలీలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇన్నేళ్ళకు ఈ పాఠం రాసింది.

గంట కొట్టారు. అందరూ వెళ్ళిపోయినా వెనక వరసలో ఒకమ్మాయి మిగిలింది. తోటివాళ్ళు పెట్టిన పేరు నత్త. సగం ప్రశ్నలు కూడా అవలేదు. ఇక చాల్లే అని చెప్పడానికి మేడం వెనకగా వచ్చింది.

"అక్కా, తిరిగి తిరిగి కాళ్ళు లాగేస్తున్నాయి. కాసేపు కూర్చోనా?" అంటోంది నత్త మైకులో.

తెర మీద తలుపు బార్లా తెరుచుకుంది.

"రామ్మా. పాప పడుకోలేదు. ఆయన కొట్టిన దెబ్బలు కనబడతాయని లోపల ఉంచాను. మమ్మల్ని ఎక్కడికైనా తీసుకుపో."

మేడం కళ్ళు నిండిపోయాయి. నత్త తిరిగి చూసి హడలిపోయింది.

"తప్పు అడిగానా మేడం?"

"లేదమ్మా. అడగాల్సిందే అడిగావు."

"ఇది నిజంగా జరిగిందన్నారు కదా. ఆవిడ అచ్చం ఇలాగే చెప్పిందా?"

మేడం కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూలబడింది.

"ఆవిడ ఏం చెప్పేదో నాకు తెలీదమ్మా. నేను కూర్చోలేదు. ఆ మాటలు నేనే రాసుకున్నాను."