పొట్టిది ముందు, పొడుగుది పక్కన

కడియం నర్సరీలో మధ్యాహ్నపు లారీకి లోడు ఎక్కుతోంది. మొక్కల సంచులు మోసి మోసి సారిక భుజాలు మొద్దుబారాయి. నాలుగేళ్ళ కూతురు ఆశాజ్యోతి నెట్ పందిరి నీడలో ఒంటరిగా కూర్చుని, పారేసిన మందార మొక్కలను వరుసగా నిలబెడుతోంది. పొట్టిది ముందు, కాస్త పొడుగుది పక్కన. కొత్తది దొరికితే ఒక్కొక్కదానికీ ఆనించి చూసి, తగిన రెంటి నడుమ చోటు చేస్తుంది. ఆదివారం చర్చిలో తప్ప ఆ పిల్లకు తోటి పిల్లలు దొరకరు. మొక్కల లారీతో ఉత్తరాదికి వెళ్ళిన తండ్రి ఏడాదిగా తిరిగి రాలేదు.

పొద్దున అంగన్‌వాడీ టీచరు సంపూర్ణమ్మ వచ్చి ఆ వరుసను చూసి నిలబడిపోయింది. అంకెలు పలకకముందే పసిబుద్ధి పోల్చడం నేర్చుకుంటుందనీ, గణితానికి తొలి మొలక ఇదేననీ సారికకు విడమరచి చెప్పింది. రేపటినుంచి పాపను అంగన్‌వాడీకి పంపమంది. ఆ మాటలు మేస్త్రీ బుల్లియ్య కూడా విన్నాడు.

ఇప్పుడతను అమ్మకపు మొక్కల కుప్ప ఒకటి పాప ముందు పోయించి, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చాడు. పాప చకచకా వరుస కట్టింది. పొద్దున టీచరు, ఇప్పుడు మేస్త్రీ, ఒకే రోజు ఇద్దరు తన బిడ్డను మెచ్చారు! సారిక ముఖం విప్పారింది.

“దీన్ని రోజూ ఇక్కడే కూర్చోబెట్టు సారికా. నీ కూలి మీద వంద ఎక్కువిప్పిత్తాను.”

ఇన్నాళ్ళూ అమ్మకపు మొక్కలను ఎత్తుల వారీగా వేరుచేసే కూలి సుబ్బాయమ్మ తల వంచుకుంది.

“దానికి నాలుగేళ్ళండి.”

“ఆడుకుంటంది కదా, నాగలి పట్టమన్నానేంటి?”

కూలీలు నవ్వారు. వంద రూపాయలు సారిక మనసులో కాసేపు మెదిలాయి.

ఇంతలో పాప తన పాత వరుసలోని విరిగిన మందారం ఒకదాన్ని ఈ వరుసలో చేర్చబోయింది. బుల్లియ్య దాన్ని లాగి అవతల పారేశాడు. పాప ఏడవలేదు. ఆ తరువాత మాత్రం మొక్కను మొక్కకు ఆనించి చూడడం మానేసింది. ఒక్కొక్కటి పెట్టి, సరేనా అన్నట్టు అతని ముఖంలోకి చూడసాగింది.

సారిక వెళ్ళి పాపను లేవదీసింది.

“రేపట్నించి పాప రాదండి. సంపూర్ణమ్మగారి దగ్గరికెళ్తాది.”

“అయితే నువ్వూ రానక్కర్లేదు.”

 సారిక పాపను నీడలో దించి, సంచి ఒకటి ఎత్తి లారీ వైపు చాచింది. లారీ మీద సంచులు అందుకునేవాడు మేస్త్రీ వైపు చూశాడు. అందుకోడానికి చేతులు చాచలేదు. సంచి దించకుండా సారిక అలాగే నిలబడింది.