మోహనలో మధ్యమం

మోహన రాగంలో మధ్యమం ఉండదు. ఆ ఒక్క స్వరం కోసం మా నాయనకూ నాకూ ఏళ్ల తరబడి పోరు.

నాయన గుడిలో కీర్తనలు పాడేవాడు. నేను తిరుపతి కల్యాణ మంటపాల్లో ఆర్కెస్ట్రాకు కీబోర్డు వాయించేదాన్ని. ఇంట్లో ఆయన మోహనలో ఒక కీర్తన పాడుతుంటే, మూడేసి స్వరాలు ఒకేసారి నొక్కి కీబోర్డు వాళ్లు కార్డులనే ఆ స్వరాల గుత్తుల్ని పాట కింద పరిచేదాన్ని. పాట ధైవతం మీద నిలిచినప్పుడు కార్డులో మధ్యమం కలిపితే నాకు ఒళ్లు పులకరించేది. ఆయన మాత్రం పాట ఆపేసేవాడు.

"మోహనలో మధ్యమం యాడుండాదమ్మా?"

"పాటలో లేదు నాయనా, కింద కార్డులో ఉండాది."

"దొంగను కింద పెట్టుకొని మిద్దె తలుపుకు గొళ్లెం పెడతావా? తీసెయ్!"

గొణుక్కుంటూ తీసేసేదాన్ని. అది లేకపోతే నాకు ఉప్పులేని కూడే.

2002 వేసవిలో నాయనకు పక్షవాతం వచ్చింది. పాటతోపాటు మాటా పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, ఒక సాయంత్రం మంచం పక్కన కూర్చుని ఆ మోహన కీర్తనే వాయించాను. దుప్పటి మీద ఆయన ఎడమ చెయ్యి తాళం వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ధైవతం దగ్గర కావాలనే మధ్యమం కలిపి గట్టిగా నొక్కి, కళ్లెర్రజేస్తాడేమోనని ఆశగా ఆయన ముఖంలోకి చూశాను.

చెయ్యి ఆగలేదు. తాళం అలాగే సాగిపోయింది.

"సూడమ్మే, ఇన్నాళ్లకు మీ నాయనకు నచ్చినట్టుండాది," అంది అమ్మ మురిసిపోతూ.

మధ్యమం మోగుతూనే ఉంది. 'తీసెయ్' అనేవాళ్లు లేక వేలు నేనే తీసుకోవాల్సి వచ్చింది.