ఏడో నంబరు బోరు

టేపు చివరి రెండు మీటర్లకూ సుద్ద రుద్దడం పూర్తిచేసి, టేపాయన సీసపు గుండును బోరులోకి జారవిడిచాడు. మోకాళ్ళ కింద గోనెసంచి పరుచుకున్నా ఇసుక వేడి చురుక్కుమంటూనే ఉంది. ముప్పైయేళ్ళుగా ఇనుప టేపు జారీ జారీ ఆయన బొటనవేలికి గాడి పడింది. గుండు నీళ్ళను తాకితే ముందు ఆ గాడికే తెలుస్తుంది. పైకి లాగి, సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసి, పుస్తకంలో అంకె వేసి సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు.

జీపు నీడలో కూర్చున్న డ్రైవరు ఆవలించాడు.

"ఎందుకు బాబాయ్ ఈ అవస్థ? దించకుండానే రాసెయ్. నలభై ఒకటి. ఆ బోరు నీకంటే మొండిది, కదలదు."

నిజమే. మిగతా బోర్లలో నీళ్ళు ఏటేటా కిందికి పోతుంటే, ఏడో నంబరు పదకొండేళ్ళుగా నలభై ఒక్క మీటర్ల దగ్గర నిలబడి ఉంది. అందుకే కొత్త పథకంలో దానికి పెద్దపీట వేశారు. పట్నం ఎడారిలోకి కాళ్ళు చాపుకుంటూ పోతోంది. దూరం నుంచి నీళ్ళు తెచ్చే పెద్ద పైపు పగిలిందంటే, బాగయ్యేదాకా కొత్త కాలనీలో నాలుగు వేల ఇళ్ళు ఈ బోరు మీదే బతకాలి. అక్కడ ఇల్లు తీసుకోవాలా వద్దా అని కూతురు తటపటాయిస్తుంటే, "తీసుకోవే, నీ వెనకాల నా బోరుంది" అని భరోసా ఇచ్చింది ఆయనే.

గుండు నలభై ఒకటి దగ్గర తగిలింది. అంతలో ముక్కులోకి దుమ్ము పోయి గట్టిగా తుమ్మాడు. చెయ్యి అదిరింది. గుండు దేన్నో పొడుచుకుని కిందికి జారిపోయింది. లోపల గళగళమని ఏదో కారిన చప్పుడు. యాభై. ఎనభై. నూట పదికి టేపు అయిపోయింది. పైకి లాగితే తడి గుండుకు పొడి ఇసుక అంటుకుని ఉంది, పిండిలో దొర్లించినట్టు.

మళ్ళీ తుడిచి, సుద్ద రుద్ది, దించాడు. ఈసారి సుద్ద వెళ్ళినంత తెల్లగానే తిరిగొచ్చింది.

ఆయన గోనె మీద అలాగే కూలబడ్డాడు. పదకొండేళ్ళ కిందట తాడు తెగి పాత పంపు ఈ బోర్లోనే పడిపోయింది. అడుక్కి పోయిందన్నారు. అందరితోపాటు ఆయనా అదే అనుకున్నాడు. అది సగంలోనే ఇరుక్కుంది. దాని నెత్తిన మట్టి పేరుకుంది, ఆ మట్టిలో చెమ్మ ఊరి నిలిచింది. ఇన్నేళ్ళూ ఆయన కొలిచి, సంతకం పెట్టి, గర్వపడింది ఆ గిన్నెడు నీళ్ళను చూసి.

"ఏమైంది బాబాయ్, బోర్లో దెయ్యం కనబడిందా?"

"జీపు తియ్యరా."

ఆఫీసులో గోడనిండా కొత్త పథకం బొమ్మ. ఏడో నంబరు చుట్టూ నీలం రంగు సున్నా. మధ్యాహ్నం పెద్దలు వచ్చి దాన్ని ఖాయం చేస్తారు. ప్లానింగు ఇంజనీరు చొక్కా గుండీలు సరిచేసుకుంటూ విన్నాడు.

"పదకొండేళ్ళుగా ఉన్న నీళ్ళు ఇవాళ పొద్దున మాయమయ్యాయా?"

"మాయం కాలేదు సార్. మొదట్నించీ లేవు. నేను కొలిచింది పంపు నెత్తిమీది నీళ్ళు."

పక్క బల్ల దగ్గర గుమస్తా కిసుక్కున నవ్వాడు. "పంపుకి తలంటు పోశాడు సార్ పెద్దాయన."

"ఒక్కసారి మీరొచ్చి చూడండి సార్. అక్కడ మా అమ్మాయి కూడా..."

"ఇదిగో పెద్దాయనా," ఇంజనీరు గొంతు పెంచలేదు. "నీ పుస్తకం ఒకటి చెబుతోంది. నీ నోరు ఇంకోటి చెబుతోంది. పుస్తకంలో సంతకం ఉంది. నోటికి లేదు. నేను దేన్ని నమ్మాలి?"

ఇంజనీరు టేపాయన చంకలోంచి పుస్తకం లాక్కుని, ఆ రోజు గడిలో తనే నలభై ఒకటి అని రాసి, అటు తిప్పి తోశాడు. "అంకె నేను వేశాలే. సంతకం పెట్టు."

చూపించినచోట సంతకం పెట్టడం ముప్పైయేళ్ళ అలవాటు. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, చెయ్యి పెట్టేసింది.

"వెళ్ళి పడుకో. సోమవారం నుంచి కొలిచే పని మిషనే చూసుకుంటుంది. నువ్వు రానక్కర్లేదు."

బయటికొచ్చి, సామాన్ల కొట్లో అన్నిటికంటే పెద్ద నీలం డ్రమ్ము కొని, దాన్ని దొర్లించుకుంటూ బస్సు దగ్గరికి వచ్చాడు. కండక్టరు తలుపు దగ్గరే ఆపాడు.

"తాతా, ఆవిడకి కూడా టికెట్టు కొట్టమంటావా?"

జనం నవ్వారు. ఆయన ఎండ పక్క సీట్లో కూర్చుని, డ్రమ్మును మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కూతురికి ఫోను చేశాడు.

"డ్రమ్మా? ఎక్కడ పెట్టను నాన్నా, మంచం కిందా? ఇక్కడ కుళాయి తిప్పితే ఆగదు. పైపు పగిలినా నీ బోరుందిగా. వీధంతా చెప్పాను, మా నాన్న కొలిచిన బోరని."

ఆయన బొటనవేలితో డ్రమ్ము అంచును రుద్దాడు.

"ఊరికే తెస్తున్నానమ్మా. నింపి ఉంచుకో," అన్నాడు.

"సరే, తీసుకురా. నీ చాదస్తం నీది."

ఎడమ భుజం లాగుతోంది. డ్రమ్ము దొర్లించినందుకేమో అనుకున్నాడు. చల్లగా ఉందని దానికి చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఆఖరి స్టాపులో కండక్టరు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం పట్టి కుదిపి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆయన ఫోన్లోంచే కండక్టరు కబురు చేస్తే, కూతురు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది, వెనకే అల్లుడు. నలుగురూ పట్టి ఆయన్ని ఆటోలోకి ఎక్కించారు. "ఈ డ్రమ్ము మీదేనా అమ్మా?" అని కండక్టరు వెనకనుంచి కేకేస్తే, అల్లుడు వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు, వద్దన్నట్టు.

స్టాపులో బల్ల లేదు. మర్నాడు పొద్దునకల్లా ఎవరో ఆ డ్రమ్మును బోర్లించారు. బస్సు కోసం వచ్చినవాళ్ళు ఒకరి తరవాత ఒకరు దానిమీద కూర్చుంటున్నారు. రెండు వందల లీటర్లు అని అచ్చేసిన కాగితం దాని పొట్ట మీద తలకిందులుగా ఉంది.