తొట్టిల జొన్నబస్తా

మా ఆయన పేరు సాముయేలు. ఆయన బతికున్నన్ని రోజులు ఆ పేరు నా నోట రాలేదు. మొగని పేరు చెప్పకూడదని మా అత్త ముత్తమ్మ నేర్పింది. ఇప్పుడు కోపం చేసేటందుకు ఆయనా లేడు, అత్తా లేదు. అందుకే ధైర్యంగా రాస్తున్న.

సాముయేలుకు ఏ బండి ఎక్కినా నిద్ర వచ్చేది. ఎద్దుల బండి మీద శంకర్‌పల్లికి బయలెల్లి, దారిల పండుకొని, ఎద్దులు ఎటు గుంజుకపోతే అటు పోయి, ఆలూరుల కండ్లు తెరిచేవాడు. గిట్లాంటి మనిషిని ఏరికోరి, కునుకు తీయకుండ బీజాపూరు దాక పోయి రమ్మన్నడు బంగ్లా సాబు.

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు ముచ్చట ఇది. మా కనకమామిడిల సాబుకు మామిడితోట, దాంట్ల ఒక బంగ్లా ఉండేది. సాబు పట్నం మనిషి. చల్లగాలికి వచ్చి పోయేవాడు. మా ఆయన ఆ బంగ్లాల మోటారు కడిగి, తుడిచి, తోట లోపల అటు ఇటు జరిపేవాడు. ఆ ఏడు సాబు ఒక ఫట్‌ఫటి, అదే మోటారు సైకిలు, కొన్నడు. దాని పక్కన ఒక మనిషి కూసునే సైడ్‌కారు ఉన్నది. అచ్చం బర్లు కుడితి తాగే తొట్టి లెక్క ఉన్నదని మేమంత దాన్ని తొట్టి అనేవాళ్ళం.

పట్నంల ఫట్‌ఫటీలున్న పెద్దమనుషులు కూడి ఒక పందెం పెట్టుకున్నరు. పట్నంల బయలెల్లి, మొయినాబాద్, చేవెళ్ల మీదుగ బీజాపూరు పోయి, ఎక్కడా పండుకోకుండ మళ్ళ పట్నం చేరాలె. తొట్టి ఉన్న బండైతే దాంట్ల ఒక మనిషన్న కూసోవాలె, మనిషంత బరువన్న పెట్టాలె. సాబు సరేనన్నడు. నడిపేది మాత్రం మా ఆయన. సాబుకు నడుము నొప్పి.

"బండి సాబుది, పేరు సాబుది, పిర్రలు నీవి" అన్నడు మా ఆయన దోస్తు భిక్షపతి.

అందరు నవ్విండ్రు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే, నా చిన్నప్పుడు మా బాపు షోలాపూర్ మిల్లుల పనికని శంకర్‌పల్లి టేషన్ల రైలెక్కిండు. కిటికీల నుంచి నా తల నిమిరి "పోయొస్త బిడ్డా" అన్నడు. ఆ మాటల ముందు సగమే నిజమైంది. అప్పటి నుంచి ఇంట్ల ఎవరు బయటికి పోయినా, తిరిగి వచ్చేదాక గడపల నిలబడేదాన్ని. మా ఆయన చెంబు పట్టుకొని చేను దిక్కు పోయినా నిలబడేదాన్ని. ఆయనకు సిగ్గయ్యేది.

"పోకయ్యా" అన్న.

"కరుణా, ఇన్నేండ్లు ఎద్దు తోక చూసుకుంట బండి తోలిన. ఒక్కసారన్న ముందర తోక లేకుండ పోనియ్యవే" అన్నడు.

ఆ మాట అన్నప్పుడు ఆయన మొఖం చూస్తే ఇంకేం అనబుద్ధి కాలేదు.

ఇక తయారీ మొదలైంది. తొట్టిల బరువుకు సాబు ఒక జొన్నబస్తా ఇచ్చిండు. బస్తాను తాళ్ళతోని కట్టి, ఫట్‌ఫటి మీద చేవెళ్ల దాక పోయి, నిద్ర పట్టేలోపే తిరిగొచ్చేవాడు. ఎంతసేపైనా కూసునే అలవాటు కావాలని భిక్షపతి తన ఎద్దుల బండిల రోలు బోర్లించి, దాని మీద మా ఆయనను కూసోబెట్టి, గుంతలు ఏరి ఏరి తోలిండు. సాయంత్రం వచ్చి "అక్కా, బండి ఇరుసు విరిగింది గని నీ పెనిమిటి పిర్రలకు ఏం కాలేదు" అన్నడు. ఏం కాలేదు నిజమే. రోలు మీద కూడ నిద్రపోయిండంట.

అసలు తిప్పలంత ఆ నిద్రతోనే. మా అత్త ముక్కుపొడి పెట్టి చూసింది. తుమ్మి తుమ్మి అలసిపోయి ఇంకా తొందరగ పండుకున్నడు. మిరపకాయ నమిలిండు. నోరు మండుకుంటనే గురక పెట్టిండు.

అప్పుడు భిక్షపతికే ఉపాయం తోచింది. "స్వామిదాసు అయ్యగారి ప్రసంగం ఉన్నది గద! దాంట్ల మేలుకొని ఉన్నోడు బీజాపూరు ఏంది, ఢిల్లీ దాక పోతడు" అన్నడు.

మొయినాబాద్ చర్చిల స్వామిదాసు అయ్యగారు ప్రసంగం మొదలుపెడితే, నోవహు ఓడ ఎక్కేసరికి మాకు ఆకలయ్యేది, ఓడ దిగేసరికి పొద్దు తిరిగేది. నేను చదువు నేర్చుకున్నది కూడ ఆ ప్రసంగాలల్లనే. పాటల పుస్తకం ఒళ్ళ పెట్టుకొని, పాడినప్పుడు విన్న మాటలను అక్షరాల మీద వేలు పెట్టి పోల్చుకునేదాన్ని. వేరే అయ్యగారైతే నాకు గుణింతాలు కూడ వచ్చేటివి కావు.

మా ఆయన ఐతారం ఐతారం ముందు వరుసల కూసునుడు మొదలుపెట్టిండు. మొదటి వారం పక్కాయన మీద ఒరిగిండు. రెండో వారం ముందరికి తూలిండు. తరువాత తరువాత నిటారుగ, కండ్లు పెద్దగ చేసుకొని, రెప్ప కొట్టకుండ కూసున్నడు. అయ్యగారి ఆనందం చెప్పలేం. "సాముయేలు దిక్కు చూడుండ్రి! ఎట్ల వింటున్నడో! ఆత్మ ముట్టింది" అన్నడు. ఒక్క మనిషన్న వింటున్నడని, ప్రసంగం ఇంకింత పొడుగు చేసిండు. సంఘమంత మా ఆయనను పండ్లు నూరుకుంట చూసింది. డ్రైవరు మేలుకొని ఉంటున్నడని సాబు కూడ విని మీసం దువ్విండు.

నేను ఆడవాళ్ళ దిక్కు కూసొని చూస్తున్న. ఒక ఈగ వచ్చి మా ఆయన కనురెప్ప అంచు మీద వాలింది. అటు నడిచింది, ఇటు నడిచింది, కాళ్ళు రుద్దుకున్నది. ఆయన కదలలేదు. మెలకువ ఉన్న మనిషి ఈగను కొట్టుకోడా?

ఇంటికి వచ్చేటప్పుడు అడిగిన. "ఏమయ్యా, ఇయ్యాల అయ్యగారు ఏం చెప్పిండు?"

"దేవుడు గొప్పోడని."

"అది ఎప్పుడూ చెప్పేదే. ఇయ్యాల కథ ఏంది?"

"గొప్ప కథ" అన్నడు.

మా అత్తకు చెప్పిన. "కండ్లు తెరుసుకొని నిద్రపోయేటందుకు నా కొడుకు చేపనా?" అన్నది. భిక్షపతికి చెప్పిన. నవ్విండు. అయ్యగారికి చెప్పిన. "నా ప్రసంగంలనా?" అని ఎంత కోపం చేసిండంటే, ఆ ఐతారం తలుపు దగ్గర నాతోని మాట్లాడలేదు.

పందెం దగ్గరికి వచ్చింది. ఆయన ఆ కండ్లతోని, ఆ జొన్నబస్తాతోని, చీకట్ల బీజాపూరు తోవల పోతడని తలుచుకుంటే నాకు ముద్ద దిగలేదు. పందెం ముందటి ఐతారం, చర్చిల నేను భిక్షపతి వెనుక నిలబడి గుసగుసగ చెప్పిన. "తమ్మీ, నేను పేరు పెట్టి పిలువరాదు. నువ్వు అడుగు. ఏదన్న అడ్డమైన మాట అడుగు."

భిక్షపతికి అడ్డమైన మాటలకు కరువా? అయ్యగారు ఊపిరి తీసుకున్నప్పుడు లేచి నిలబడ్డడు.

"సాముయేలూ! సైతానును మన సంఘపెద్దగ పెట్టుకుందామా?"

"ఆమెన్" అన్నడు మా ఆయన, కండ్లు పెద్దగ తెరుసుకొని.

అయ్యగారి మొఖం తెల్లబోయింది.

"అయ్యగారి ప్రసంగం ఇక చాలిద్దామా?" అన్నడు భిక్షపతి.

ఈసారి సంఘమంత "ఆమెన్" అన్నది. ఆ చప్పుడుకు మా ఆయన ఉలిక్కిపడి లేచి, పాట అనుకొని గొంతెత్తిండు.

కబురు బంగ్లాకు చేరింది. సాబు పరేషానయిండు. పందెం వదులుకుంటే దోస్తుల ముందు ఇజ్జత్ పోతది, పంపిస్తే కొత్త బండి పోతది. మా ఆయన పోతడన్న ఫికర్ దాంట్ల ఎక్కడన్న ఉన్నదో లేదో నాకు తెలువదు. నేను, మా అత్త బంగ్లాకు పోయేసరికి, సాబు ముందర మా ఆయన ఫట్‌ఫటి పక్కన గొంతుక కూసొని, తుడిచిన చక్రమే మళ్ళ తుడుస్తున్నడు. నన్ను చూడలేదు. ముందర తోక లేని తోవ ఆయనకు దక్కదని అర్థమైంది. నాకు సంతోషం కావాలె. కాలేదు.

"బస్తా మాట్లాడుతదా?" అని ఆయనను అడిగిన.

"బస్తా ఎట్ల మాట్లాడుతదే?"

"తిడుతదా?"

"తిట్టదు."

"మరి నిద్రపోతే లేపేదెవరు? బస్తా దించు. నేను కూసుంట."

సాబు పాన్ మింగిండు. "ఔరత్ ఎట్ల కూసుంటది? నలుగురు ఏమంటరు?"

నేను మా అత్త దిక్కు చూసిన. ఆమె కూడ వద్దంటదనే అనుకున్న. ముత్తమ్మ కొంగు నడుముకు చెక్కి ముందుకు వచ్చింది. "సాబ్, మీ పందెంల మనిషి కూసోవాలె అన్నరు. నా కోడలు మనిషి కాదా? దీని నోరు మొదలైతే మా గల్లీల కుక్కలకే నిద్ర ఉండదు, వీనికెట్ల వస్తది?"

తోటల మామిడికాయలు తూచే కాంటాల ఒక దిక్కు బస్తా, ఒక దిక్కు నన్ను కూసోబెట్టిండ్రు. నా దిక్కు తక్కెడ పైకి లేచింది. మా అత్త ఇంటికి పోయి తిరగలి మోసుకొచ్చి నా ఒళ్ళ పెట్టింది. సరిపోయింది.

పందెం మొదలయ్యే పట్నానికి బయలెల్లే పొద్దున, దుమ్ము పడకుండ సాబు నా కండ్లకు కూడ అద్దాలు ఇచ్చిండు. తొట్టిల ఇమిడి కూసున్న, ఒళ్ళ తిరగలి. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసిండు, చిన్నగ. అంత చిన్న ప్రార్థన ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు. మా ఇంటి గడపను బయటి నుంచి చూస్తున్న. నేను నిలబడే చోట మా అత్త నిలబడ్డది. ఆమె పక్కన జొన్నబస్తా గోడకు ఒరిగి ఉన్నది.

"పోయొస్తనని చెప్పు బిడ్డా" అన్నది అత్త.

ఆ మాట వినుకుంట పెరిగిన గని, ఎవరికీ చెప్పే పని పడలేదు. నోటి దాక వచ్చి ఆగింది. దాంట్ల ముందు సగం మంచిది కాదని నాకు తెలుసు.

"వస్త" అన్న.

ఫట్‌ఫటి పొగ వదిలింది. భిక్షపతి దగ్గుకుంట చెయ్యి ఊపిండు. నేను గడప కనిపించినంత దూరం మెడ తిప్పి చూసిన. మలుపుల అది పోయింది. ఏడుపు వచ్చేటట్టున్నది. ఏడిస్తే ఆయనను తిట్టేదెవరని, అద్దాలు ఎత్తి కండ్లు తుడుచుకొని మా ఆయన దిక్కు తిరిగిన. నిటారుగ, అద్దాలు పెట్టుకొని, తోవ దిక్కు చూస్తున్నడు.

"ఏమయ్యా, మేలుకొని ఉన్నవా?"

"ఆమెన్" అన్నడు.

వీపు మీద ఒక్కటి ఇచ్చిన. ఆయన నవ్విండు. మొయినాబాద్ ఇంకా రానేలేదు.