నైరుతిలో తుపాకులు

మిర్యాలగూడలో నరసయ్య సేటు తన పాత వడ్ల గోదాములో కంప్యూటర్లు పెట్టించిన కొత్తల్లో, ఊళ్లో గుడి తర్వాత చెప్పులు బయట విడిచి వెళ్లే చోటు అదొక్కటే. ఆదివారం వస్తే సూర్యాపేట బస్సూ, కోదాడ బస్సూ సగానికి సగం అక్కడే ఖాళీ అయ్యేవి. కాలేజీ పోరగాళ్లంతా తుపాకీ ఆట కోసం వచ్చేవాళ్లు. తెర కింది భాగంలో మన రెండు చేతులూ, వాటిలోని తుపాకీ మాత్రమే కనబడతాయి. గదులూ సందులూ వెతుక్కుంటూ ఆయుధాలు ఏరుకోవాలి, ఎదురొచ్చినవాణ్ని కాల్చాలి.

దారి తెలియకపోవడమే ఆ ఆటకు రుచి. ఆటలో ఉన్న భవంతులన్నీ వాళ్లకు కంఠతా వచ్చేశాయి. ఒకడైతే కళ్లకు గంతలు కట్టుకుని గెలిచాడు, మధ్యలో చాయ్ కూడా తాగాడు. ఇక రావడం తగ్గించేశారు. ఈ ఆదివారానికి కొత్త భవంతి తయారు కాకపోతే కంప్యూటర్లు తీసేసి మళ్లీ బస్తాలు వేస్తానని సేటు తేల్చేశాడు. అంటే ఆ భవంతులు తయారుచేసే దేవ్‌సింగ్ మళ్లీ హమాలీ. అదే గోదాములో బస్తాలు మోసి, ఆనక కంప్యూటర్ నేర్చుకుని కుర్చీ ఎక్కిన మనిషి అతను. వీపు ఇంకా ఆ బరువు మరిచిపోలేదు.

దేవ్‌సింగ్ ఒక రైస్‌మిల్లునే తెర మీద కట్టాడు. తవుడు కుప్ప వెనక సందు, సందులో నిచ్చెన, నిచ్చెన ఎక్కితే ఏమీ లేదు. అసలు తుపాకీ బాయిలర్ వెనక చీకట్లో ఉంది. ఎలుక దూరినా పెళ్లాం పిల్లల మీద ఆశ వదులుకోవలసిందే. నిద్రలేక అతని కళ్లు పండుమిరపకాయలయ్యాయి.

శనివారం సేటు తల్లి కన్యకమ్మ చూడ్డానికి దిగివచ్చింది. ఆమెను అడగందే ఆ ఇంట్లో గోడకు మేకు దిగదు. తెర ముందు కూర్చుని మిల్లంతా తిప్పి చూపించమంది.

"నైరుతి మూలకు గేటు పెట్టినవేంది పిలగా? ఈశాన్యంల పొయ్యా? నా కొడుకు దుకాణం మునుగుతది."

అది ఆటేనని, ఎక్కడా లేని మిల్లని దేవ్‌సింగ్ మెల్లగా చెప్పాడు.

"లేనిదైతే మా గోదాముల ఎట్ల కనబడ్తున్నది?"

సేటు తలవంచుకుని, అమ్మ చెప్పినట్టే మార్చమన్నాడు. వాదించే ఓపిక దేవ్‌సింగ్‌కు లేదు. గేటు ఈశాన్యానికి పోయింది, బాయిలర్ ఆగ్నేయానికి జరిగింది. బరువైనవి కాబట్టి తుపాకులన్నీ నైరుతి గదిలోకి చేరాయి.

ఆదివారం పోరగాళ్లు దిగారు. కోదాడ లింగ్యా గేటు దాటి ఒక్క క్షణం నిలబడ్డాడు, తిన్నగా నైరుతికి నడిచి తుపాకులన్నీ చంకన పెట్టుకున్నాడు. ఫ్యాను వేగం అందుకోకముందే ఆట ముగిసింది.

"ఇందుల ఎతికేదేముందన్నా? మా మేనమామ ఇల్లు గిట్లనే ఉంటది," అన్నాడు లింగ్యా. అందరూ సోడాలు తాగి బస్సెక్కారు.

దేవ్‌సింగ్ అదే కుర్చీలో కూలబడ్డాడు. అంతలో కన్యకమ్మ, దోషం లేని మిల్లు చూపిస్తానంటూ తన స్నేహితురాలు శ్యామలను వెంటబెట్టుకుని వచ్చింది. శ్యామల వాళ్లు కొత్త ఇంటికి పునాది తీయబోతున్నారు. మనిషి లేని ఆ గదులన్నీ ఆమె తిరిగి చూసి, తమ ఇల్లూ ఇట్లా ముందే చూపించగలవా అని అడిగింది.

మరుసటి వారానికి గోదాము గుమ్మం ముందు కొత్త ఇళ్లు కట్టుకోబోయే మిల్లు యజమానుల చెప్పులు కుప్పపడ్డాయి. కంప్యూటర్లు నిలిచాయి. దేవ్‌సింగ్‌కు బస్తా తప్పింది. పొద్దంతా వంటగది జరపడం, తలుపు జరపడం, మళ్లీ జరపడం. కట్టిన ఏ ఇంట్లోనూ చిన్న పిల్లి కూడా దారి తప్పదు.

ఒకనాడు కన్యకమ్మ తెర కింది భాగాన్ని వేలితో చూపించింది. "దేవుని గదిల తుపాకి పట్టుకొని తిరుగుడేంది? తియ్."

తీసేశాడు. అక్కడ ఖాళీ చేతులు మిగిలాయి.

"కలశం పెట్టు."

దేవ్‌సింగ్ కళ్లు నలుపుకుని కొబ్బరికాయ గీయడం మొదలుపెట్టాడు.