నాలుగు హల్లుల పిల్ల

మా అమ్మమ్మకు అమ్మ మునీరా. ఆమె పాటల పుస్తకం నూరేళ్ళ కిందట సింగపూరులో ఒక్కసారి అచ్చయింది. మా దీవిలో మిగిలిన ప్రతి ఒక్కటే, అదీ నా పెట్టెలోది. ఇన్నాళ్ళకు జిల్లా ఆఫీసువాళ్ళు దాన్ని మళ్ళీ అచ్చేసి మసీదు పక్క హాల్లో సభ పెట్టారు. పుస్తకం ఇచ్చినదాన్ని కనక పసుపు పట్టు కట్టుకుని ముందు వరసలో దర్జాగా కూర్చున్నాను. ఆ దర్జా ఎంతసేపు ఉంటుందో తెలిస్తే ఆ పూట గుమ్మం దాటేదాన్నే కాదు.

మా తమ్ముడి కూతురు మస్నా బడిలో టీచరు. గొంతు బాగుంటుంది. కొత్త పుస్తకం తెరిచి, నేను నేర్పిన రాగంలోనే అందుకుంది.

“నా పక్కన పడుకునే కుంబాంగ్, ఏ తోటకు పోయావు?
దోమతెర దించే ఉంచాను, దిండు మీద నీ వాసన పోలేదు.”

కుంబాంగ్ అంటే తుమ్మెద. పాటలో తుమ్మెద వచ్చిందంటే మగవాడు వచ్చాడనే మాలో అర్థం. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చేపలమ్మే దోలా గొంతు తగ్గించకుండానే అన్నాడు:

“ఆ మునీరమ్మ మొగుడు మక్కాకి పోయాడు, తుమ్మెద దోమతెరలోకి దూరిందన్నమాట! పెద్దింటోళ్ళు మనకంటే గడుసోళ్ళేరా!”

హాలంతా గొల్లుమంది.

ఆ పాట తుమ్మెద మీద కాదు, కెంబాంగ్ మీద. కెంబాంగ్ అంటే పువ్వు. మునీరా పెద్దకూతురి పేరూ అదే. మా అమ్మమ్మకు అక్క. ఏడేళ్ళకే మశూచికంతో పోయింది. ఆ పిల్ల సమాధి రాయి మీద పేరు చెక్కలేదు. మా వంశవృక్షంలో పెళ్ళిళ్ళయి పిల్లల్ని కన్నవాళ్ళే ఉన్నారు. ఈ లోకంలో ఆ పిల్ల పేరు మిగిలింది ఆ ఒక్క పాటలోనే.

మా పాత లిపిలో క, మ, బ, ఙ అని నాలుగు హల్లులు వేసి వదిలేస్తారు. గుణింతం చదివేవాళ్ళే తగిలించుకోవాలి. ఎరిగినవాళ్ళకు అది కెంబాంగ్, ఎరగనివాళ్ళకు కుంబాంగ్, ఆకలిమీదున్నవాడికి కంబింగ్, అంటే మేక. చిన్నప్పుడు ఈ మాట మీదే ఒకళ్ళనొకళ్ళం ఏడిపించుకునేవాళ్ళం.

సభ ముగియగానే అస్రుల్‌ని పట్టుకున్నాను. పాత లిపిలోంచి ఇప్పుడు మా భాష రాస్తున్న ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి పుస్తకం తయారుచేసిన ఆఫీసరు అతనే. మర్యాదస్తుడు, కష్టపడ్డవాడు. నాకు కోపం ఆగలేదు.

“తుమ్మెద కాదయ్యా అది, కెంబాంగ్! పిల్ల పేరు. కూతురు పోతే తల్లి ఏడ్చిన ఏడుపది!”

అతని మొహం పాలిపోయింది. “అచ్చుకి ముందు కాగితాలన్నీ మీకే పంపాను కదమ్మా? అనుమానం ఉన్న మాటల కింద గీతలు కూడా పెట్టాను. మీరు ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి పంపారు.”

పెట్టాను. మూడు రోజులు కళ్ళజోడు తగిలించుకుని, నలుగురూ చూసేలా వరండాలో కూర్చుని ఒక్కో కాగితమే తిరగేశాను. గీతలు కనబడ్డాయి. అందానికి గీశారు కాబోలు అనుకున్నాను. నాకు ఆ తెల్లవాళ్ళ అక్షరాలు రావు. ఆడపిల్లకి మన లిపి చాలని మా నాన్న బడికి పంపలేదు. ఈ సంగతి మస్నాకి కూడా తెలియదు. బస్సు బోర్డు చదవాల్సొస్తే కళ్ళజోడు మర్చిపోయానంటాను. అంత పరువు నాకు.

“ఎన్ని వేశారు?”

“రెండు వేలమ్మా. మూడొందల బళ్ళకి వెళ్ళిపోయాయి. పోనీ తప్పొప్పుల కాగితం వేయిద్దాం. ఆ పిల్ల ఉన్నట్టు ఎక్కడైనా రాసుందా?”

“మా అమ్మమ్మ చెప్పింది.”

“మరి అప్పుడే ఎందుకు దిద్దలేదంటారు పైవాళ్ళు. ఏం చెప్పమంటారు?”

చుట్టూ జనం ఉన్నారు. దోలా ఉన్నాడు. నా మోచెయ్యి పట్టుకుని మస్నా ఉంది. కెంబాంగ్‌కి నేను తప్ప ఎవరూ లేరు.

“నాకా అక్షరాలు చదవడం రాదు,” అన్నాను.

“అత్తా!” అంది మస్నా. చెయ్యి మాత్రం వదల్లేదు.

తల కొట్టేసినట్టయింది. అయినా ఇంటికెళ్ళాక ఎక్కడో కాస్త తేలికగా ఉంది. పరువు పోతే పోయింది, పిల్ల పేరు నిలబడుతుందనుకున్నాను. అస్రుల్ పైవాళ్ళకు మూడు పేజీలు రాశాడట. నెల తిరక్కుండానే జవాబొచ్చింది. మస్నా చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

“ఆగావేం? చదవవే.”

“వద్దులే అత్తా.”

“చదువంటుంటే!”

“‘నిరక్షరాస్యురాలి నోటిమాట ఆధారంగా మార్పు చేయుట వీలుపడదు. పైగా ఈ చరణాన్ని పత్రికలు ఆనాటి స్త్రీ సాహసానికి నిదర్శనంగా మెచ్చుకొనుచున్నవి.’”

మునీరా పుస్తకం మొదటినుంచి చివరిదాకా కళ్ళు మూసుకుని అప్పజెప్పగలను. వాళ్ళకు అంతుపట్టని మాట చదివినదాన్ని నేను. నేను నిరక్షరాస్యురాలినట. నిజం చెప్పకుండా ఉంటే కనీసం నా సంతకానికైనా విలువుండేది. చెప్పి దాన్నీ పోగొట్టుకున్నాను.

“బళ్ళో నేను మాత్రం కెంబాంగ్ అనే చెప్తా, చూడు,” అంది మస్నా. చెప్పింది కూడా, రెండు నెలలు. పరీక్షలు దగ్గరపడ్డాక ఓ రోజు వచ్చి, నా మొహం చూడకుండా గడప మీద కూర్చుంది.

“పుస్తకంలో ఉన్నది రాస్తేనే మార్కులత్తా. పిల్లల్ని ఫెయిలు చెయ్యలేను కదా.”

“చెయ్యలేవులే,” అన్నాను.

బడి మా పెరటికి ఆనుకునే ఉంది. ఇప్పుడు ప్రతి మధ్యాహ్నం నలభైమంది పిల్లలు ఆ పాట అందుకుంటారు. రాగం నాదే, ఎక్కడా తప్పదు. వినకూడదనుకుంటాను, చెవులు వినకుండా ఊరుకోవు. నిన్న పెరట్లో ఎండుచేపలు తిరగేస్తూ అలవాటుకొద్దీ నేనూ గొంతు కలిపాను. నా నోట వచ్చింది కుంబాంగ్ అని.

చేతిలో చేప వదిలేసి, గొంతు సవరించుకుని, ఈసారి ఒక్కదాన్నే మొదటినుంచి పాడాను. మళ్ళీ అదే వచ్చింది.