మెట్ల కింది శిఖరం

నేను ఒక సర్వే రాయిని. ఒక మండలం మొత్తంలో అన్నిటికంటే ఎత్తైన చోట పాతిన రాయిని. ఈ మాట వినగానే మీరు తలెత్తి కొండల వైపు చూస్తారేమో, అక్కర్లేదు. హైదరాబాదు శివారులో గద్దగుట్ట కాలనీకి వచ్చి, బాల్‌నర్సయ్య ఇంట్లో మెట్ల కింద ఉన్న సామాన్ల గది తలుపు తీయండి. బియ్యం డ్రమ్ము వెనక, గ్యాస్ సిలిండర్ పక్కన ఉంటాను.

నన్ను చెక్కింది రాళ్లు కొట్టి బతికే ఒక జంట. అతను ఉలి పట్టుకుంటే ఆమె సుత్తి వేసేది. దెబ్బ దెబ్బకూ అతని వేళ్లు నలిగిపోతాయేమోనని నాకే భయం వేసేది గాని, వాళ్లు మాత్రం ఇంటి సంగతులు మాట్లాడుకుంటూనే నా నెత్తిన సర్కారు బాణం గుర్తు తేల్చారు. సర్వే వాళ్లు నన్ను బండి మీద గుట్ట దాకా తెచ్చి, అక్కడినుంచి కావడికట్టి మోయించారు. మోసినవాళ్లు దారిపొడుగునా నన్ను తిట్టారు. పైన దించి, బండలో తొలిచిన గుంతలో సున్నం పోసి నిలబెట్టాక మాత్రం, అంత దూరం కనిపిస్తుంటే తిట్టడం మరిచి చూస్తూ నిలబడ్డారు.

అటుపైన చాలా కాలం గొర్లకాపరులు నాకు వీపు ఆనించేవారు. తర్వాత గుట్టను ప్లాట్లు చేశారు. కింద నుంచి తొలుచుకుంటూ వచ్చారు. సగం గుట్టను లారీల్లో తరలించాక మిగిలినదానికి ‘హిల్ వ్యూ’ అని బోర్డు పెట్టారు. ఆ మిగిలిన ముక్కలో నేనున్న ప్లాటును స్లాబులకు సెంట్రింగ్ పనులు చేసే బాల్‌నర్సయ్య కొన్నాడు. మేస్త్రీ నన్ను పెకిలించబోతే గడ్డపార వంగింది గాని నేను కదల్లేదు. అంతలో బాల్‌నర్సయ్య కళ్లు బాణం గుర్తు మీద పడ్డాయి. ఇది ప్రభుత్వం రాయి, బయటపడితే ఇల్లు పోతుందని అతను హడలిపోయాడు. ఎవరికీ చెప్పకుండా నా మీదుగా మెట్లు కట్టించాడు. అలా నేను చీకట్లో పడ్డాను.

ఆ ఇంట్లో బాల్‌నర్సయ్య తల్లి, ఇద్దరు తమ్ముళ్లు, వాళ్ల సంసారాలు అన్నీ ఉన్నాయి. అందరికీ వండేది అతని భార్య అండాలు. వంటింట్లో నిలబడితే ఒకరు పిలుస్తారు, వాకిట్లో కూర్చుంటే ఇంకొకరు పిలుస్తారు. మధ్యాహ్నం ఎల్లిపాయలు తెస్తానని చెప్పి ఈ గదిలోకి వచ్చేది. డ్రమ్ము పక్కకు జరిపి, గోనెసంచి పరిచి, నా మీద కూర్చునేది. ఏమీ చేసేది కాదు. తలుపు అవతల ఆమెను పిలుస్తూనే ఉండేవారు. కాసేపు వినపడనట్టు ఉండేది. ఇద్దరం ఒకే గదిలో బందీలం. నేను గుట్ట ముక్కనని మాత్రమే ఆమెకు తెలుసు.

ఒకరోజు పొద్దున, మగవాళ్లు పనులకు వెళ్లాక, వకుళ అనే లెక్చరరు వచ్చింది. ఎండ టోపీ, దుమ్ము కొట్టిన బూట్లు. నగరంలోని ఒక్కో మండలంలో అన్నిటికంటే ఎత్తైన నేల ఎక్కడుందో వెతికి, వెళ్లి దానిమీద నిలబడడం తన సరదా అని చెప్పింది. ఒకచోట నీళ్లట్యాంకు ఉందట, ఒకచోట శ్మశానమట. దేనికి ఇదంతా అని అండాలు అడిగితే, పైకి వెళ్తే ఊపిరాడుతుందని చెప్పింది. మున్సిపాలిటీ మనిషేమోనని మొదట బెదిరిన అండాలు, ఆ మాట విన్నాక మంచినీళ్లిచ్చి, ఫోనులోని పటం చూపిన చోటికి, అంటే నా దగ్గరికే, తీసుకొచ్చింది. మధ్యాహ్నాలు తాను కూర్చునే రాయి ఇదేనని చెప్పింది.

వకుళ మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో దుమ్ము తుడిచి, బాణం గుర్తు మీద వేలు పెట్టింది.

“అక్కా, మీ మండలం మొత్తంలో ఇదే ఎత్తైన చోటు. మీరు రోజూ కూర్చునేది దీని మీదేనా?”

అండాలు నవ్వుతూ డ్రమ్మును ఇంకాస్త జరిపింది. వకుళ నా మీదకెక్కి, మెట్లు నెత్తికి తగలకుండా నడుము వంచి అండాలు చేత ఫోటో తీయించుకుంది. శిఖరం ఎక్కి వంగి నిలబడ్డ మనిషిని నేను చూడడం అదే మొదలు.

వకుళ ఫోను నంబరిచ్చి వెళ్లింది. రోజూ కూర్చునేది శిఖరం మీదనన్న సంతోషం పట్టలేక అండాలే రాత్రి అన్నాల దగ్గర భర్తకు చెప్పింది. అతని చేతిలో ముద్ద ఆగిపోయింది. తెల్లారగానే సమ్మెట పట్టుకొచ్చాడు. గది తలుపు తీసి చూస్తే నా మీద అండాలు కూర్చుని ఉంది.

“లెవ్వు,” అన్నాడు.

“లెవ్వ.”

“నీకు సమజైతలేదు. సర్కారు రాయి ఇంట్ల ఉన్నదని తెలిస్తే ఇల్లు కూలగొడ్తరు. అందరం రోడ్డు మీద పడ్తం.”

“ఇంత పెద్ద ఇల్లు కట్టినవ్. అండ్ల నేను కూసునేటి జాగ ఇదొక్కటే. దీన్ని పలగ్గొడ్తే నన్ను యాడ కూసోమంటవ్?”

ఆమె గొంతు పెంచలేదు. బయట అత్త పిలుస్తోంది, ఆమె కదల్లేదు. బాల్‌నర్సయ్య గదినంతా ఒకసారి చూశాడు. ఆ గదిని అతను కట్టించాడే గాని అంతవరకూ అందులో నిలబడి చూసినట్టు లేదు. సమ్మెట గోడకు ఆనించి, ఆ లెక్చరరమ్మకు ఫోన్ చేసి ఫోటో ఎవరికీ చూపొద్దని చెప్పమన్నాడు. వకుళ ఒప్పుకుంది. పై ఆదివారం ఇంకో గుట్టకు వెళ్తున్నాను, అక్కను నాతో పంపుతారా అని అతన్నే అడిగింది. కాదంటే ఆ లెక్చరరమ్మ ఫోటో బయటపెడుతుందేమోనని భయపడి బాల్‌నర్సయ్య సరేనన్నాడు. మనుషుల్లో భయం కూడా ఒక్కోసారి మంచిపని చేస్తుంది.

అండాలు వెళ్లింది. తిరిగొచ్చి నా మీద కూర్చుని, గాలికి కొంగు నిలవలేదని చెప్పి తనలో తనే నవ్వుకుంది. ఆపైన ఆదివారం ఆదివారం వెళ్తోంది. నా దగ్గరికి రావడం తగ్గింది. వచ్చినా ఎల్లిపాయలు తీసుకుని వెళ్లిపోతుంది. నేనున్న చోటు చాలా ఎత్తట, నాకు కనిపించేది మాత్రం డ్రమ్ము వీపు.

మొన్న ఆదివారం వకుళ బయట హారన్ కొడుతుంటే, తొందరలో అండాలు గదిలో లైటు ఆర్పడం మరిచిపోయింది. సాయంత్రం దాకా అది వెలుగుతూనే ఉంది. ఎవరూ ఇటు వచ్చి దాన్ని ఆర్పకుండా ఉంటే బాగుండునని నేను కోరుకుంటూ కూర్చున్నాను.